అత్తగారి నీలం గిన్నె

నత్సుయో పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం చేస్తుంది. మర్యాదస్తురాలు, పనిమంతురాలు. ఒక్క వంట దగ్గరే ఆమెకు చేతులాడవు. అన్నం సంగతి కుక్కర్ చూసుకుంటుంది, మిసో పులుసు సంగతి పొట్లంలోని పొడి చూసుకుంటుంది, మిగతాదంతా అంగడి చూసుకుంటుంది. ఆ వీధిలో సగం ఇళ్ళ వరస అదే. కాకపోతే ఆమె అత్తగారు చేమదుంపలకు పేరు మోసిన మనిషి. మనిషి పోయి నాలుగేళ్ళయినా ఆ పేరు మాత్రం పోలేదు.

పక్కింటి తొకియే బామ్మ వారానికోసారి డబ్బాతో చేమదుంపలు ఇస్తుంది. ఒక్కో దుంపా ఆరు పలకలు తేలేలా చెక్కి, కొంబు నాచు నీళ్ళలో సోయా పోసి మెల్లగా ఉడికించి, పైన యుజు నిమ్మ తొక్క సన్నగా తరిగి చల్లినవి. నత్సుయో భర్త తెత్సుజి తిన్న ప్రతిసారీ "అచ్చం అమ్మ చేసినట్టే" అని కళ్ళు మూసుకుంటాడు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు గనక నత్సుయో అందులో నాలుగు బిస్కెట్లు పెట్టి పంపుతుంది.

నెలకో ఆదివారం వీధివాళ్ళంతా మురుగుకాలువ బాగుచేసి, తలా ఒక వంటకం తెచ్చి పంచుకుని తింటారు. ఎదురింటి ముత్సుకో నత్సుయో డబ్బా మూత ఎత్తి చూసి, "ఈ నెలా అంగడి కొరొక్కే వడలేనా? అత్తగారి విద్యంతా ఇంట్లోనే దాచుకున్నావా?" అంటుంది, అందరికీ వినబడేలా. అక్టోబరులో నత్సుయోకు ఒళ్ళు మండింది. బామ్మకు మోకాళ్ళ నొప్పులు, కాలువ పనికి ఎప్పుడూ రాదు. ముందురోజు ఆమె ఇచ్చిన దుంపల్ని నత్సుయో అత్తగారి నీలం గిన్నెలోకి మార్చి పట్టుకెళ్ళింది.

"ఇన్నాళ్ళూ ఎంత నాటకమాడావమ్మా!" అంది ముత్సుకో, రెండోసారి వడ్డించుకుంటూ.

"అత్తయ్య నేర్పినవేలెండి," అంది నత్సుయో. అనక్కర్లేదు. నోరు ఊరుకోలేదు.

సరిగ్గా అప్పుడే కర్ర టకటకలాడించుకుంటూ తొకియే బామ్మ వచ్చింది. "ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే ఏం తోచి చావడంలేదు."

"రా బామ్మా, ఇవి రుచి చూడు," అంది ముత్సుకో. "నత్సుయోకు వాళ్ళత్త నేర్పిందట!"

బామ్మ ఒక దుంప పైకెత్తింది. ఆరు పలకలూ చూసింది. నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది నత్సుయోకు.

"అవును, వాళ్ళత్త రుచే," అంది బామ్మ. "చక్కగా కుదిరాయి."

నలుగురిలో పెట్టి తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వారం కూడా డబ్బా మామూలుగానే వచ్చింది. నత్సుయో దాన్ని ముట్టుకోలేదు. సెలవు పెట్టి కిలో చేమదుంపలు కొని కూర్చుంది. ఒకదానికి నాలుగు పలకలు, ఒకదానికి ఏడు. చేతులు మోచేతులదాకా దురద. ఉడికించినవాటిలో సగం బామ్మ డబ్బాలో పెట్టి పక్కింటికి వెళ్ళింది.

"బామ్మా, ఆదివారంనాటివి మీవే. నావని చెప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

బామ్మ ఒకటి కొరికింది. "లోపల ఉడకలేదు. ఉప్పు ఎక్కువ." డబ్బాకు మూత పెట్టింది. "మీ అత్త కూడా ముప్పై ఏళ్ళు నా దుంపలే తనవని తీసుకెళ్ళిందే. ఆ నీలం గిన్నెలోనే. పోయేదాకా నాతో ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. నువ్వు చెప్పావు. తెత్సుజి చెవిన మాత్రం వెయ్యకు. పాపం, వాడు దాన్నే తల్లి చేతి రుచి అనుకుంటున్నాడు."

ఆ సాయంత్రం భోజనం దగ్గర తెత్సుజి దుంప కొరికి మొహం చిట్లించాడు.

"ఇదేంటి, అమ్మ చేసినట్టు లేవే?"

నత్సుయో మొహం చెవులదాకా ఎర్రబడింది.

"లేవు," అంది. "ఇవి నేను చేసినవి."