పచ్చి కాదు, పచ్చ

కొత్తవాడలో యాకయ్య జంపఖానాలు నేస్తాడు. ఆయన మగ్గం పక్కనే రాట్నం ముందు కూర్చుని భార్య వరలక్ష్మి కండెలు చుడుతుంది. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఆ తర్వాత ఆమె పేరంటాలకు వెళ్లడం తగ్గించింది. వెళ్లినా, ఎవరూ ఏమీ అనకముందే తానే వెనక వరుసలో సర్దుకునేది.

పక్కింటి రమ కూతురు మహిత మాత్రం చిన్నప్పుడు సగం రోజు వీళ్లింట్లోనే ఉండేది. వరలక్ష్మి చేతి ముద్దలు తిని, మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయేది. ఇప్పుడు ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఒకనాడు మొగుడూ పెళ్లాలు మగ్గం దగ్గర ఏదో మాటకు నవ్వుకుంటుంటే ఫొటో తీసి, ‘మా ఎవర్‌గ్రీన్ జంట’ అని రాసి ఫోన్లో స్టేటస్ పెట్టింది.

మర్నాడు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఆడవాళ్లు ఆ మాటే చెప్పుకుంటుంటే, దాని అర్థమేమిటని వరలక్ష్మి అడిగింది. వెనకింటి యమున తనకు తెలిసినంతలో, ఎప్పటికీ పచ్చిగా ఉండటమని చెప్పింది. యమున మనసులో ఏ కల్మషమూ లేదు. వరలక్ష్మికి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. పచ్చి అంటే పండనిది. ఎవరెవరో ఎన్నో అంటే పడింది గాని, తన చేతుల్లో పెరిగిన పిల్ల కూడా అంటుందనుకోలేదు.

ఎవరితోనూ చెప్పలేదు. మహిత వస్తే తలనొప్పని పడుకునేది. శ్రీమంతానికి బొట్టు పెట్టి పిలవడానికి రమ వస్తే, చూద్దాంలే అంది. రాట్నం మీద పోగు మాటిమాటికీ తెగుతుంటే యాకయ్య మగ్గం ఆపి ఏమైందని అడిగాడు. మొదట ఏమీ లేదంది, తర్వాత ఏడ్చేసింది. ఆయనకూ ఆ ఇంగ్లీషు మాట తెలియదు. చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్లి, మహితనే వెంటబెట్టుకొచ్చాడు.

దారిలోనే సంగతి విన్న ఆ పిల్ల గడప మీదే కూలబడింది.

“కడుపుతోని గడప మీద కూసోవద్దు. లోపలికి రా,” అంది వరలక్ష్మి, అంత కోపంలోనూ.

“పచ్చి కాదు పెద్దమ్మా, పచ్చగ,” అంది మహిత కళ్లు తుడుచుకుంటూ. కొన్ని చెట్లు ఆకులన్నీ రాల్చి మోడవుతాయనీ, మామిడిలాంటివి ఎన్నడూ మోడు కావనీ, వాటినే అలా అంటారనీ చెప్పింది.

“మామిడాకు రాలదా? మరి దినాం వాకిట్ల నేను ఊడ్సేదేంది?”

“రాలుతది. కని అన్నీ ఒక్కపారి రాలవు. ఇది రాలేటాళ్లకు ఇంకోటి చిగురు పెడ్తది. మీరిద్దరు గట్లనే ఉంటరని రాసిన.”

వరలక్ష్మి యాకయ్య వైపు చూసింది. రెండో కడుపు పోయిన ఏడాది తాను మంచం దిగకపోతే, యాకయ్య జొన్న గటక కాచి తాగించి, వచ్చీరాని చేతులతో తనకు జడ వేశాడు. ఆయన చెయ్యి విరిగి, ఇక నేయలేనని గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు తాను మగ్గమెక్కింది.

“నల్లా కాడ అడిగే బదులు నన్నడుగకపోతివి,” అన్నాడు యాకయ్య.

“నీకు ఎరికేనా?”

“ఎరిక లేదు. ఇద్దరం కలిసి ఏడ్సెటోళ్లం.”

వరలక్ష్మికి నవ్వొచ్చింది.

శ్రీమంతం నాడు వెళ్లి, అలవాటు చొప్పున వెనకే కూర్చుంది. మొదటి గాజు పెద్దమ్మే తొడగాలని మహిత పట్టుబట్టింది. ఎవరో ముసలామె ఏదో గొణిగింది గాని, రమ వినిపించుకోకుండా పచ్చగాజుల పళ్లెం తెచ్చి వరలక్ష్మి చేతికిచ్చింది. నెలలు నిండుతుండటంతో మహిత చెయ్యి వాచి ఉంది, గాజు ఎక్కలేదు. వరలక్ష్మి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, కణుపులు ఒక్కొక్కటే మెల్లగా ఒత్తి, గాజు చిట్లకుండా లోపలికి జరిపింది.

“నొచ్చిందా బిడ్డా?”

లేదని తలూపి, మహిత రెండో చెయ్యి చాపింది.