తాతకు నచ్చిన పిలుపు

నిన్న మా కూతురు ఫోన్‌లో స్నేహితురాలిని “మచ్చా” అంటుంటే నాకు తాత గుర్తొచ్చినాడు.

అరవనాట మదుర బడిలో పిల్లలం ‘ఏరా’ అన్నట్టు ఒకరినొకరం అట్లే పిలుచుకునేవాళ్ళం. ఒకనాడు నోరు జారి తాతను “ఏం మచ్చా” అనేసినా. అమ్మ గరిటె ఎత్తింది. తాత నవ్వి, “ఉండనీమ్మా, నన్ను ఏరా అనేవాళ్ళంతా పోయినారు, ఇదన్నా పిలవనీ” అన్నాడు.

మర్నాడు తాత, నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని ఎండలో నడిచి వచ్చి, బడి గేటు దగ్గర “ఏం మచ్చా, అన్నం వద్దా?” అన్నాడు. పిల్లలు పకపకా నవ్వినారు. ఇంట్లో తాతతో ఎప్పుడూ తెలుగే మాట్లాడే నేను, పరాయివాళ్ళతో అన్నట్టు అరవంలో “సరే, మీరు పోండి” అన్నా. ఆయనా అరవంలోనే “సరేమ్మా” అని వెళ్ళినాడు.

సాయంత్రం తాత “వచ్చినావా పాపా” అంటే, ఆయనకు కోపం లేదులే అనుకుని ఆటకు పరిగెత్తినా. ఆయన మళ్ళీ ఆ మాట అనలేదు. నేనైనా మచ్చా అని పిలిచుంటే సరిపోయేది. పిలవలేదు.