చౌడు తొక్కిన మిద్దెలు

జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లో మా అమ్మాయి వంటింటి మేకుకు ఒక ఎండాకుల కట్ట వేలాడుతోంది. గ్రీసు దీవిలో మేము దిగిన తోటవాళ్ళు ఇచ్చింది. నలిపితే వాము వాసన; దాని అడుగున, నా ముక్కుకు మాత్రం, తడిసిన మట్టికప్పు వాసన. అది తగిలితే కూర్చున్నచోట కూర్చోలేను.

అమ్మాయి రెండో కాన్పుకని వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడ్డాను. ఊళ్ళో తమ్ముడుంటున్న మా పుట్టింటి మిద్దెకు ఏటా వానలకు ముందు, కప్పు కారకుండా చౌడు పోయించేది నేనే. ఈ యేడు వానలు మొదలైనా పోయించే దిక్కులేదు. నేను ఆ దిగులులో ఉండగా, ఆగస్టులో దారులు తెరిచారని అమ్మాయి దీవికి బయలుదేరదీసింది.

“రాతికొట్టంలో పండుకునేదానికి దుడ్లిచ్చి పోవల్నా? మన కర్నూల్లో రాళ్ళు లేవా?”

“ఈ యేటి ఉర్లాబ్ మురిగిపోతాది మా. మళ్ళా సెలవియ్యరు. మాస్కు పెట్టుకోని నోరు మూసుకో.”

అత్తిచెట్లు, గొర్రెలు, మోకాలెత్తు రాతిగోడలు దాటి, తల వంచి ఆ గదిలో అడుగుపెట్టానో లేదో, సున్నం చల్లదనమూ మట్టికప్పు వాసనా కలిసి నన్ను మా మిద్దెలో నిలబెట్టాయి.

మృగశిర కార్తెకు ముందు మా నాయన వంకగడ్డ నుంచి చౌడుమన్ను బండికెత్తుకొచ్చేవాడు. గంపలు మిద్దెమీదికి చేరాక నీళ్ళు చిలకరించి అణగదొక్కడం పిల్లల పని. ఉప్పుమన్ను మడమల పగుళ్ళలో మండుతుంటే ఒకరినొకరం తోసుకుంటూ, కూలి కింద అవ్వ ఇచ్చిన వేయించిన వేరుశనగ బుడ్డలూ బెల్లంముక్కా ఒడిలో కట్టుకొని, పని అయ్యేదాకా ముట్టుకోవద్దన్న ఆజ్ఞను తొక్కుతూ తొక్కుతూనే మీరేవాళ్ళం. వెలుతురు కోసం కప్పులో వదిలిన కంతను గవాచి అంటాం. అవ్వ దాని కింద కూర్చొని జొన్నలు చెరుగుతూ, పాదాల చప్పుడును బట్టే ఎవరు బద్ధకిస్తున్నారో పసిగట్టేది.

“ఏమే, పిల్లి నడిసినట్ల నడుచ్చాండావు? వానొచ్చే నీ పక్కమీదనే కారుతాది సూడు.”

గవాచి వెలుతురు పొద్దుతోపాటు నేలమీద జరిగేది. రోలు దగ్గరికొస్తే అన్నంవేళ, గాదె దాటితే పశువులు ఇల్లు చేరేవేళ. తొలివానకు అందరం కప్పు వంకే చూసేవాళ్ళం. చుక్క రాలకపోతే అవ్వ బొరుగులు నానేసి ఉగ్గాని చేసేది. ఆమె మెచ్చుకోలు అదొక్కటే.

దీవిలో మర్నాడు పొద్దున తోటవాళ్ళ ముసలామె కప్పు మీద బూడిదరంగు మన్ను పరుస్తోంది. చెప్పులు విడిచి మెట్లెక్కాను. ఒకరి మాట ఒకరికి రాదు. మాస్కులతోనే ఇద్దరం తొక్కాం. కింద మా పెద్దమనవరాలు “అమ్మమ్మా, కొమ్ రుంటర్” అంటూ, దిగి రమ్మని జర్మనులో గోల. దిగలేదు. అక్కడ పోసిన మన్ను మా మిద్దెకు అందదని తెలుసు. తెలిసే, మూలమూలా తొక్కాను.

నిన్న తమ్ముడికి ఫోను చేశాను.

“మిద్దె కారుతాందా?”

“ల్యాక్కా. చౌడు తొక్కేటోళ్ళు యాడుండారు? రేకులు కప్పిచ్చినా.”

“గవాచో?”

“రేకుల కిందికి పాయ. పగలుగూడా లైటేసుకుంటాండాం.”

చుక్క కారడంలేదు. ఇన్నాళ్ళ దిగులు తీరినట్టే. కాళ్ళు మాత్రం నిలవలేదు. వంటింట్లో పట్టపగలు వెలుగుతున్న లైటు ఆర్పేసి, కిటికీ వెలుతురు నేలమీద పడుతున్నచోట నిలబడ్డాను. అది ఎక్కడికి జరిగితే అన్నంవేళో, ఈ ఇంట్లో నాకింకా తెలియదు.