వెనక లైటు

అమీర్‌పేటలో బస్సు కోసం వానలో నిలబడి ఉన్నాను. ఒకతను పాత కారు పక్కకి ఆపి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, జర లోపల కూసొని బ్రేక్ తొక్కు. ఎనక లైట్లు వస్తున్నయో లేదో చూడాలె. ఒక్కనితోని అయితలేదు."

తొక్కాను. రెండూ వెలగలేదు. డిక్కీ తెరిచి, కొత్త బల్బులు పెడుతూ తనే చెప్పాడు.

"ఎల్ఈడీలు ఏసి నెల సుత కాలే. రబ్బరు వాషర్లు సరిగ్గ కూసోలే, నీళ్లు పోయి కాలిపోయినయ్. నేనే బిగించిన."

"మెకానిక్‌కి చూపించాల్సింది కదండీ."

"మొన్న మా తమ్ముడు బైక్ మీద నా ఎనకనే వచ్చిండు. నేను బ్రేక్ కొట్టింది వానికి తెల్వలే. తప్పించబోయి డివైడర్‌కు గుద్దుకున్నడు. పంజాగుట్టల దవాఖానల ఉన్నడు. ఇంకా కండ్లు తెరుస్తలేడు."

మళ్లీ తొక్కమన్నాడు. తొక్కాను. పక్క అద్దంలో చూస్తే, లైటు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తడిసిన ముఖమంతా ఎర్రగా ఉంది.

"వచ్చింది కదా?" అంటూ కాలు తీయబోయాను.

"తియ్యకన్నా! నీకు దండం పెడత, జరసేపు తియ్యకు."

నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను కాలు తీయలేదు.