అరుగు ఎక్కడికీ పోవడం లేదు

ముందుగా ఒక సవరణ. నేను ఇల్లు అమ్మేసి విశాఖపట్నం వెళ్ళిపోతున్నానన్న మాట అబద్ధం. శ్రీకాకుళం నడిబజారులో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు నిలిచే ఉంటుంది. వెనుక పెరట్లో మాత్రం ఐదంతస్తుల అపార్టుమెంటు లేస్తుంది. అందులో మూడో అంతస్తు నాది.

ఈ మధ్యాహ్నం కూరగాయలమ్మే పైడమ్మ ఎప్పటిలాగే ఖాళీ గంప దించుకుని మా వీధి అరుగు మీద కూర్చుంది. ఎండవేళ ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నా మా ఇంట్లో లేపే అలవాటు లేదు.

"అమ్మగోరూ, కార్లకి దారి కోసరం అరుగు కొట్టెత్తారంట! మరి మేమెక్కడ కూకోవాల?" అని నిలదీసింది.

అపార్టుమెంటు కట్టే ఇంజనీరు గారి ఆలోచన నిజంగా అదే. పక్క సందులోంచి దారి తీయవచ్చు గానీ, అక్కడ నా వంటిల్లు అడ్డం. అది మా అమ్మ నాకు వంట నేర్పిన గది. పోతే బాధ లేదని చెప్పను.

"వంటిల్లు తీయించెత్తాను" అన్నాను, ఆమె యాసలోనే.

పక్కనే ఉన్న మా మేనల్లుడు అదిరిపడ్డాడు. "ఊళ్ళోవాళ్ళ కోసరం నీ వంటిల్లు పడగొట్టుకుంటావేటత్తా? మరెక్కడ తింటావు?"

"పైన వండుకుని, లిఫ్టులో దిగి, పైడమ్మ పక్కన కూర్చుని తింటాను."

"నాకూ ఓ ముద్దెట్టాల!" అంది పైడమ్మ.

మీరైతే ఏది ఉంచుకునేవారో రాయండి, తప్పక చదువుతాను. అయితే పైడమ్మ అడగకముందే, ఈ పొద్దున్నే వంటింటి గోడ ఎక్కడ పగలగొట్టాలో సుద్దముక్కతో నేనే గీత గీసేశాను.