బాలమణి తోమిన రేకులు

2022 ఎండాకాలం. నాంపల్లిలో ఒక హాస్టల్ మేడ మీద మేము బిగించిన సోలార్ డిష్ ఆవిరి సరిగా ఇవ్వడం లేదని మా కంపెనీ నన్ను పంపింది. డిష్ అంటే వెల్లకిలా పడేసిన పెద్ద గొడుగు లాంటి చట్రం. దాని నిండా అద్దాల్లాంటి అల్యూమినియం రేకులుంటాయి. అవి ఎండనంతా ఒకే చోటికి, అంటే ఫోకస్‌కి పంపుతాయి. అక్కడ నీళ్లు ఆవిరై, కింద వంటగదిలో అన్నం ఉడుకుతుంది.

వంట చేసే బాలమణికి ఉబ్బసం. "పొగ కాడ నిలబడొద్దని దవాఖానల చెప్పిన్రు సార్. జర ఎట్లనన్న నడిపియ్యుండ్రి" అంది.

వార్డెన్ మాట వేరు. "శనివారం దాక చూస్త. గాకపోతే పాత ఇనుప సామాన్లోళ్లకు ఇచ్చేసి కట్టెల పొయ్యే పెట్టిస్త."

వెలుగు ఫోకస్‌లో చిక్కగా పడకుండా చెదిరిపోతోంది. రేకుల కోణం తప్పిందనుకున్నాను. ఇరవయ్యేళ్లుగా మేడలెక్కి అరిగిన మోకాళ్లతో మూడు రోజులు ఒక్కో బోల్టూ తిప్పాను. మధ్యాహ్నం అబిడ్స్ దాకా నడిచి ఒక చాయ్, మళ్లీ మేడ. ఏమీ మారలేదు. ఛీ, ఏం బతుకురా ఇది అనిపించింది.

శుక్రవారం పెందలాడే వెళ్లాను. బాలమణి నాకంటే ముందే పైన ఉంది. బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని, బోళ్లు తోమినట్టు రేకులు తోముతోంది!

"అయ్యయ్యో, ఏం జేస్తున్నవమ్మా!" అని అరిచాను.

"ఏంది సార్, గట్ల కోపం జేస్తరు? బిగించిననాడు మీరే గద చెప్పిన్రు, తళతళ మెరవాలె అని. ఆవిరి తగ్గినకొద్ది ఇంకింత గట్టిగ తోముతున్న."

రేకులు మెరుస్తూనే ఉన్నాయి. కానీ సన్నని గీతలు పడ్డాక ఎండ ఒక చోటికి చేరదు, చెల్లాచెదురవుతుంది. మెత్తటి గుడ్డ, నీళ్లు చాలు. ఆ ఒక్క ముక్క బిగించిన రోజు నేను చెప్పలేదు. సిగ్గేసింది.

రిపోర్టులో తప్పు నాదేనని రాశాను. ఆఫీసులో తిట్లు తిన్నాను. వార్డెన్‌ను బతిమాలి డిష్ అమ్మకుండా ఆపాను. కొత్త రేకులు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. అన్నాళ్లూ బాలమణి కట్టెల పొయ్యి ముందే నిలబడింది.

రేకులు మార్చిన రోజు ఆమెకు గుడ్డ ఇవ్వబోతే చేతులు వెనక్కి దాచుకుంది. మాట మాటకీ ఆయాసం. "వద్దు సార్. నా చేతులు గరుకు. మీరే తుడువుండ్రి."

ఒక రేకు నేను తుడిచి చూపించాను. రెండోది ఆమె తుడిచింది, చంటిపిల్ల మూతి తుడిచినట్టు.

ఇప్పుడు ఏ మేడ ఎక్కినా, వీటిని రోజూ తుడిచేదెవరని అడుగుతాను. ఆ మనిషి వచ్చి నా పక్కన కూర్చునేదాకా పానా బయటికి తీయను.