చెంపకు చల్లగా తగిలిన పిల్లి

ఆ పాత గోదాములో బొమ్మలు గీసేవాళ్లు, మట్టి పిసికేవాళ్లు, చెక్క చెక్కేవాళ్లు కలిసి పనిచేసుకుంటారు. దాన్ని కూల్చి బండ్లు నిలిపే చోటు చేస్తామని అధికారులు తాళం వేసినప్పుడు, గుమ్మంలో బైఠాయించి ఆ తాళం తీయించింది బట్టీ అక్క. పగలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. సాయంత్రం ఇక్కడ మట్టిబొమ్మలు కాల్చే బట్టీ ఆమె చేతిలో ఉంటుంది. ఇక్కడ పెద్దా చిన్నా లేరని గోడ మీద రాయించిందీ ఆమే.

బట్టీ ఒక్కటే, అందరి బొమ్మలూ అందులోనే కాలాలి. ఒక్క బొమ్మలో తడి మిగిలినా అది పేలి పక్కవాటినీ పగలగొడుతుంది. అందుకే పెట్టేముందు చెంపకు ఆనించి చూస్తారు. చల్లగా తగిలిందా, లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఈ కిటుకు అందరికీ నేర్పింది అక్కే.

ఆ వారం ప్రదర్శన ఉంది. అక్క చేసిన లావుపాటి పిల్లి చల్లగానే తగిలింది. వాతావరణం చల్లబడిందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుని లోపల పెట్టేసింది.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి బట్టీ తెరిచింది. అన్నీ పెంకులే. పిల్లి ఉన్నచోట మాత్రం పొడి. పేలిన బొమ్మే అలా పొడి అవుతుంది. అక్క ఆ పొడిని ఊడ్చి పారబోసింది.

తర్వాత వచ్చిన వాళ్లకు కారణం దొరకలేదు. మనిషి మాత్రం దొరికింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే టైలరమ్మ తొలిసారి చేసిన బొమ్మ, నిద్రపోతున్న వాళ్లమ్మ ముఖం, అందులోనే ఉంది. బొమ్మలు గీసే రంగులాయన ఆమె వైపు తిరిగాడు.

"కుట్టుమిషన్ అనుకున్నావా తల్లీ, కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టడానికి?"

కొందరు నవ్వారు. టైలరమ్మ తన పెంకులు కొంగులో ఏరుకుని వెళ్లిపోయింది. అక్క బట్టీలో మిగిలిన పెంకులు ఎత్తసాగింది.

తప్పెవరిదో తేలకపోతే కొత్తవాళ్ల నెత్తిన రుద్దడం ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో చూస్తున్నదే. ఇక్కడా అంతే అయితే ఆ తాళం తీయించింది దేనికి? దుప్పట్లు ఉతుకుతున్నా అక్కను ఈ ప్రశ్న వదల్లేదు. ఎవరు పిల్లి మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. ముద్ద మింగుడు పడక కూర్చుంటే, దుప్పట్లతో పాటు నిన్నూ పిండేశారా అన్నాడు వాళ్లాయన. నవ్వు రాలేదు.

చివరికి టైలరమ్మ ఇంటికి వెళ్లి, పేలింది నా పిల్లేనని, తడి తెలిసే పెట్టానని, పొడి కూడా ఊడ్చేశానని చెప్పింది. టైలరమ్మ చేతిలో సూది ఆగింది.

"నన్నన్నది నలుగురిలో కదక్కా. నువ్వొచ్చి నా చెవిలో చెబితే ఎలా?"

మళ్లీ బట్టీ నింపే రోజు టైలరమ్మను వెంటబెట్టుకొచ్చి అక్క అందరి ముందూ చెప్పింది. ఎవరూ ఓదార్చలేదు. రంగులాయన కుంచెలు కడుగుతూ తల ఎత్తలేదు.

"ఈసారి ఏం పెడుతున్నావక్కా?" అంది టైలరమ్మ.

అక్క చిలకను చూపించింది. టైలరమ్మ దాన్ని తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"చల్లగా ఉంది. ఆరనీ."

అక్క చిలకను తిరిగి ఆరబెట్టే అరలో పెట్టేసింది. ఇప్పుడక్కడ ఎవరి బొమ్మకైనా పక్కవాళ్ల చెంపే సాక్ష్యం. టైలరమ్మ రోజూ వస్తోంది, గిన్నెలు చేస్తోంది. వాళ్లమ్మ ముఖం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. అడగడానికి అక్కకు నోరు రావడం లేదు.